బద్వేలులో తెల్లబడిన పేజీ

డాష్‌బోర్డు పచ్చగా ఉంటే చాలు, సంచి తగిలించుకుని ఇంటికి పోయే పిల్లలూ, ఇది మీకోసమే రాస్తున్నాను. నేను ఉద్యోగం వదిలి ఎంతో కాలం కాలేదు. వదిలాక కూర్చుని చూసుకుంటే, ఇన్నేళ్ల సాఫ్ట్‌వేర్ బతుకులో నలుగురికి చెప్పదగ్గ సంగతి ఒక్కటే కనిపించింది. దాన్నే చెబుతాను. మధ్యలో ఆవలింత వస్తే ఆవలించండి, నేను మాత్రం ఆపను.

మా కంపెనీ బెంగళూరులో, నేను కర్నూలులో. కరోనా కాలంలో అందరినీ ఇళ్లకు పంపారు. తర్వాత అందరూ తిరిగి పోయారు, నేను పోలేదు. అప్పటికే నాకు యాభై దాటాయి. ఆ అద్దెలకూ ఆ ట్రాఫిక్కుకూ మళ్లీ దండం పెట్టే ఓపిక లేదు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడగకండి, అడిగినవాళ్లందరికీ ఒక్కో రకంగా చెప్పీ చెప్పీ అసలు కారణం నేనే మరిచిపోయాను. పాతబస్తీలో ఒక ఉల్లిగడ్డల గోడౌను మీద రెండు గదులు తీసుకున్నాను. పగలంతా హమాలీల కేకలు. సాయంత్రం కింద షట్టరు దించారంటే ఇంక మనిషి చప్పుడు ఉండదు. ఉల్లిగడ్డల వాసన ఒక్కటే నాకు తోడు.

మేం చేసేది ఆసుపత్రుల వాళ్లు వాడే ఒక వెబ్ అప్లికేషన్. కిడ్నీలు పాడైనవాళ్లు డయాలసిస్‌కు పోవాలంటే, ఊళ్లలోని ఇంటర్నెట్ కేంద్రాల నుంచి ముందురోజే ఆ పేజీలో స్లాటు పట్టుకోవాలి. చూడ్డానికి అది ఒక్క పేజీయే. లోపల మాత్రం ముక్కలు ముక్కలు. పైన పట్టీ, లాగిన్ ఒక జట్టు. బుకింగు ఇంకో జట్టు. రిపోర్టులు, బిల్లులు వేరే జట్లు. ఎవరి ముక్క వాళ్లు రాసుకుని, వాళ్లకు తోచినప్పుడు సర్వర్ మీద పెడతారు. అవన్నీ బ్రౌజర్‌లోకి వచ్చి ఒక చట్రంలో కూర్చుంటాయి. చట్రాన్ని షెల్ అనీ, ముక్కలను మైక్రోఫ్రంటెండ్లు అనీ అంటారు. పేరు ఘనమే కానీ, ఒకే ఇంట్లో ఉంటూ ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకున్న అన్నదమ్ముల కాపురం అది.

నేను ఏ జట్టులోనూ లేను. నా పని లాగ్‌లు చూడడం. ఎవరి బ్రౌజర్‌లో ఏం జరిగింది, ఏ ముక్క ఎక్కడ తడబడింది అని ఆ పేజీలే మాకు వరుసలు వరుసలుగా కబురు పంపుతాయి. వాటిని పోగు చేసి, చూసి, తప్పు కనిపిస్తే ఆ జట్టుకు చెప్పాలి. తప్పు చెప్పేదాన్ని ఎవరు పిలుస్తారు? ప్రతి జట్టుకూ ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది, పుట్టినరోజుకు కేకు ఉండేది, వాళ్లలో వాళ్లకు తిట్లు, ముద్దుపేర్లు ఉండేవి. నన్ను మాత్రం అందరూ మర్యాదగా ‘మేడమ్’ అనేవాళ్లు. అంత మర్యాద ఇచ్చినచోట మనకు చాప వేయరని నాకు అప్పుడే అర్థమైంది.

పొద్దున్నే కాఫీ పెట్టుకుని తెర ముందు కూర్చుంటే ఒక్కొక్క ఊరూ లేచేది. రోగుల పేర్లు, కేంద్రం నడిపేవాళ్ల పేర్లు మాకు కనిపించవు, కనిపించకూడదు కూడా. కేంద్రం నంబరు, ఊరు, అంతే. వాటిల్లో బద్వేలు కేంద్రం ఒకటి. రోజూ అందరికంటే ముందు తెరుచుకునేది. పొద్దున ఒకసారి లాగిన్, మళ్లీ సాయంత్రం దాకా మూసేది లేదు. నేను గమనించినంతలో మిగతా ఊళ్లవాళ్లు గంటకోసారి తెరిచి మూసేవాళ్లు. ఈ బద్వేలు మనిషెవరో నాలాగే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకేచోట కూర్చునే మనిషి అనుకునేదాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి కానీ, బద్వేలు తెరుచుకున్నాకే నేను కాఫీ తాగడం అలవాటైపోయింది. ఆ ఊళ్లో ముఖం తెలియని ఆ మనిషే నాకు ఇరుగుపొరుగు.

ఒక బుధవారం మధ్యాహ్నం బద్వేలులో ఏదో తేడా కనిపించింది. బుకింగ్ మెనూ నొక్కారు. మళ్లీ నొక్కారు. మళ్లీ, మళ్లీ. నొక్కినట్టు షెల్ చెబుతోంది, బుకింగ్ ముక్క నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. తప్పు జరిగినట్టు ఒక్క వరుస లేదు. కాసేపటికి నొక్కడం కూడా ఆగిపోయింది. ఆ తర్వాతి బుధవారమూ అదే తంతు. ఎవరో తలుపు కొడుతున్నారు, లోపల ఎవరూ పలకడం లేదు.

బుధవారం మధ్యాహ్నం భోజనాల ముందు కొత్త ముక్కలను సర్వర్ మీద పెట్టడం మా కంపెనీలో అలవాటు. ఆ పని చూసే కుర్రవాడిని రిలీజ్ లీడ్ అనేవాళ్లు. మంచివాడే, కానీ అంకెల మీద వాడికి దేవుడి మీద కంటే ఎక్కువ నమ్మకం.

“మేడమ్, బుకింగ్‌లో ఎర్రర్లు సున్నా. బద్వేలులో నెట్ స్లోగా ఉంటుంది. ఎవరో ఊరికే నొక్కుతుంటారు” అన్నాడు.

“ఊరికే అన్నిసార్లు ఎవరు నొక్కుతారు నాయనా? పేకాటా అది?”

“ఒక్క కేంద్రం మేడమ్. ఒక్క కేంద్రం కోసం రిలీజ్ ఆపమంటే మీటింగ్‌లో నన్ను ఉతికేస్తారు.”

బుకింగ్ జట్టును అడిగాను. మా ముక్కలో తప్పుంటే మా ముక్కే చెబుతుంది కదా అన్నారు. షెల్ జట్టును అడిగాను. మా చట్రం బాగానే నిలబడి ఉంది, లోపలి సంగతి మాకెందుకు అన్నారు. వాళ్ల మాట వాళ్లకు సరే. ఇద్దరి మధ్య సందులో ఒక మనిషి తలుపు కొడుతుంటే, ఆ సందు ఎవరిదీ కాదు. హెల్ప్‌డెస్కులో అడిగితే బద్వేలు నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదట. కేంద్రం పేరు మీద ఉన్న ఫోను నంబరు తీసుకుని చేస్తే, పగలెప్పుడు చేసినా పరిధిలో లేదు అని వస్తుంది.

మాది కోయిలకుంట్ల పక్క పల్లె. మా నాయన అక్కడి చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ గడప దాటి పోతుంటే ఆయన తలుపు పక్కన నిలబడి, వచ్చినవాళ్లను కాదు, రానివాళ్లను మనసులో పెట్టుకునేవాడు. మధ్యాహ్నం ఎండలో పోయి ఆ ఇళ్ల తలుపులు కొట్టేవాడు. “జ్వరమొచ్చి పడుకున్నోడు నాకు జ్వరమొచ్చిందని గుడికొచ్చి చెప్తాడా? మనమే పోవాల” అనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట మాత్రం ఆ వారమంతా నా చెవుల్లో మోగింది. తర్వాతి బుధవారానికి సెలవు పెట్టి, తెల్లారకముందే కడప బస్సెక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ దాటి మైదుకూరులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని బద్వేలు చేరేసరికి ఎండ చుర్రుమంటోంది.

హెల్ప్‌డెస్కు ఇచ్చిన గుర్తులతో వెతుక్కుంటూ పోతే చిన్న దుకాణం. ముందు కంప్యూటరు, ప్రింటరు. వెనక కుట్టుమిషను. కంప్యూటరు దగ్గర నలభై ఏళ్ల ఆడమనిషి, గోడకు చిన్న సిలువ. మిషను దగ్గర ఆమె భర్త. ఎడమచేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది. కాళ్లు వాచి మెరుస్తున్నాయి. డయాలసిస్ చేయించుకునే మనిషని చూడగానే తెలిసిపోయింది. అంత వాపు ఉండకూడదని కూడా తెలిసింది.

నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. ఆమె కంగారుగా లేచి కుర్చీ తుడిచింది. “వందనాలక్కా. నేనేమన్నా తప్పు చేసినానా?”

“నువ్వు చేయలేదు తల్లీ, కూర్చో. బుధవారం పూట పేజీ ఏమవుతుంది?”

“పన్నెండు కొడ్తానే మర్నాటి బేస్తవారం స్లాట్లు తెరుస్తారు గదా. అప్పుడు నొక్కుతా. పైన పట్టీ ఉంటాది, పక్కన మెనూ ఉంటాది, నడుమంతా తెల్లగ అయిపోతాది. నొక్కుతానే ఉంటా. యాడ తప్పు చేస్తాండానో తెలీదు. సాయంత్రానికి స్లాట్లు అయిపోయినాయంటారు.”

“మరి మాకు ఫోన్ చేసి చెప్పొచ్చు కదమ్మా?”

“ఏమని చెప్పేది? మన నెట్టు మంచిది కాదు, మన చేతికి రాదు అనుకున్యా. అంత పెద్ద కంపెనీవాళ్లు తప్పు చేస్తారా అక్కా?”

 అక్కడ మేమేమో ఫిర్యాదు లేదు కాబట్టి తప్పు లేదనుకున్నాం. ఇక్కడ ఈమేమో తప్పంతా తనదే అనుకుని ఫిర్యాదు చేయలేదు.

భర్త వెనక నుంచి అందుకున్నాడు. “కర్నూలు నుంచి ఇంత దూరం తెల్లగ ఉండేది చూడనీకి వచ్చినారా మేడమ్? ఆదోని తట్టు పోయింటే పత్తి చేన్లు ఉండాయి గదా, మీకు దగ్గర.”

“గమ్మునుండు. నీకన్నీ ఎగతాళే” అని ఆమె కసిరింది. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. “ఆదివారం స్లాటు దొరుకుతాది. బేస్తవారంది పోతాంది. వారానికి రెండుసార్లు చేయాల్సింది ఒక్కసారే అయితాంది. పోయిన వారం పండుకోలేక గోడకు ఆనుకుని కూర్చున్యాడు, దమ్ము ఆడల్యా. ఇంగొక్కసారి తప్పితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, మా చేతుల్లో ఉండదు అని డాక్టరు చెప్పినాడు. రేపటిది దొరకల్ల అక్కా.”

కడపలోని ఆసుపత్రికి ఫోన్ చేస్తే ‘ఆన్‌లైన్‌లోనే చేసుకోండి’ అన్న జవాబు ఒక్కటే వస్తుందట. పొద్దున్నే మా పేజీ తెరిచి, అట్లే పెట్టి ఉంచింది. మధ్యలో ఎందుకు మూయవు అని అడిగితే కారణం చెప్పింది. కేంద్రం ఆమె అన్న పేరు మీద ఉంది. లాగిన్ చేయాలంటే ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది. ఆయన పొద్దున ఆ అంకెలు చెప్పి చేనుకు పోతాడు. చేనులో సిగ్నలు ఉండదు. పేజీ మూసినా, రిఫ్రెష్ కొట్టినా మళ్లీ ఓటీపీ అడుగుతుంది. అందుకని పొద్దున దేవునికి దండం పెట్టుకుని తెరిచి, సాయంత్రం ఆయన వచ్చేదాకా ఆ పేజీని కాపాడుకోవడం ఆమె పద్ధతి. కరెంటు పోయినా ఆగిపోకుండా కింద బ్యాటరీ పెట్టుకుంది. బెంగళూరులో ఏ కుర్రవాడి బుర్రకూ ఇలాంటి ఆలోచన తట్టదు. వాళ్లు పరీక్ష చేసేటప్పుడు ప్రతిసారీ కొత్తగా తెరుస్తారు.

పన్నెండు కొట్టింది. ఆమె సిలువ వైపు ఒకసారి చూసి బుకింగ్ నొక్కింది. నడుమంతా తెల్లబడింది.

అన్ని ముక్కల బాగోగులూ ఒకేచోట చూపించే డాష్‌బోర్డును నా ఫోనులో తెరిచి చూశాను. అంతా పచ్చగా ఉంది. ఒళ్లు మండిపోయింది. ఆమెను పక్కకు జరగమని, బ్రౌజర్ లోపలి సంగతులు చూపే పెట్టె తెరిచాను. ఎర్ర అక్షరాల్లో ఒకే వరుస. అడిగిన ముక్క సర్వర్ మీద లేదు. అంతే సంగతి. పొద్దున తెరిచిన చట్రం పొద్దుటి బుకింగ్ ముక్కనే పేరు పెట్టి పిలుస్తోంది. మావాళ్లు ఇప్పుడే దాన్ని తీసేసి కొత్తది పెట్టారు. పిలిచిన ముక్క రాలేదు. తప్పులు చెప్పాల్సిన లాగ్ ఉన్నదేమో ఆ ముక్క లోపలే. రాని ముక్క, నేను రాలేదని ఎట్లా చెబుతుంది?

లీడ్‌కు ఫోన్ చేశాను.

“మేడమ్, మీరు లీవులో ఉన్నారు కదా? రిలీజ్ అయిపోయింది. అంతా గ్రీన్.”

“లీవులోనే ఉన్నాను, బద్వేలులో ఉన్నాను. పొద్దుటి నుంచి తెరిచి ఉన్న పేజీల్లో బుకింగ్ రావడం లేదు. పాత ముక్కను కూడా తిరిగి సర్వర్ మీద పెట్టు, చాలు.”

“ఒక్కసారి రిఫ్రెష్ కొట్టమనండి మేడమ్.”

“కొడితే లాగిన్ పోతుంది. ఓటీపీ ఫోను చేనులో ఉంది.”

“చేనులోనా?” అన్నాడు. నేను చంద్రమండలం అన్నా అంత ఆశ్చర్యపోయేవాడు కాదు. “బుకింగ్ టీం పర్మిషన్ లేకుండా వాళ్ల ముక్కను నేను ముట్టుకోకూడదు మేడమ్. వాళ్లంతా లంచ్‌కి వెళ్లారు. రిలీజ్ బాగా అయిందని పార్టీ.”

ఈడ మనిషి ప్రాణం మీదికొస్తే ఆడ బిర్యానీ. నాకు తిట్లు నోటిదాకా వచ్చాయి. కోయిలకుంట్ల తిట్లు, అవి రాసేవి కావు. మింగేసి వీడియో కాల్ పెట్టాను. తెల్ల పేజీ చూపించాను. ఎర్ర వరుస చూపించాను. వాడు చదువుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి, ఇంకా తటపటాయిస్తున్నాడు. నా వెనకనుంచి, మిషను దగ్గరి మనిషి లేచి గోడ పట్టుకుంటూ వచ్చి ఫోనులోకి తొంగిచూశాడు. ఆ నాలుగు అడుగులకే రొప్పుతున్నాడు.

“ఏమప్పా, తిన్యావా?” అని అడిగాడు.

లీడ్ తల అడ్డంగా ఊపాడు. “లేదన్నా.”

“పార్టీ అంటాండారు, నువ్వు పోల్యా?”

“రిలీజ్ రోజు నేను సీటు వదలకూడదన్నా. ఒక్కడినే ఉన్నాను.”

“అయ్యో. ఒంటిగా కూర్చోబెట్టి అందురూ పోయినారా? తిను నాయనా, ఆకలితో పని చేయగాకు. మాది యట్లో ఒగట్ల అయితాదిలే.”

లీడ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత వాడి వేళ్లు కీబోర్డు మీద కదలడం వినిపించింది. “మేడమ్, లైన్‌లో ఉండండి. తర్వాత వాళ్లు తిడితే తిడతారు” అన్నాడు. నేను రెండు వారాలుగా గ్రాఫులు చూపించి చేయలేని పని, తిన్నావా అన్న ఒక్క మాట చేసింది.

“ఇప్పుడు వేరే మెనూ నొక్కి, మళ్లీ బుకింగ్ నొక్కమనండి.”

ఆమె రిపోర్టులు నొక్కింది. మళ్లీ బుకింగ్ నొక్కింది. తెల్లగానే ఉంది. ఆమె కళ్లు మూసుకుంది. భర్త ఆమె భుజం మీద చేయి వేసి, “చూడు, వచ్చినాది” అన్నాడు. నిజంగానే వచ్చింది. నడుమ ఖాళీలో స్లాట్లు ఒక్కొక్కటిగా దిగాయి. చాలావరకు అప్పటికే నిండిపోయాయి. ఎవరికీ ఇష్టంలేని తెల్లవారుజాము షిఫ్టులో మాత్రం చోటుంది. ఆమె దాన్నే నొక్కింది. నిర్ధారణ వచ్చింది. ఆమె బోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు. ఫోనులో లీడ్ ‘మేడమ్? మేడమ్? అయిందా?’ అని అరుస్తూనే ఉన్నాడు.

తెల్లవారుజాముకు కడపలో ఉండాలంటే ఆ సాయంత్రమే బయల్దేరాలి. రాత్రంతా ఎక్కడ ఉంటారు అని అడిగితే, “బస్టాండులో. మాకది అత్తగారిల్లు మేడమ్, చాయ్ కూడా ఇస్తారు, దుడ్లు తీసుకుంటారు, అంతే తేడా” అన్నాడాయన.

ముగ్గురం కలిసి అన్నం తిన్నాం. ఆయన కొలిచిన నీళ్లు గుక్కెడు తాగి, గ్లాసును దూరంగా జరిపాడు. మీ ఇంట్లో ఎవరెవరున్నారు అని ఆమె అడిగితే చెప్పాను. పైన నేను, కింద ఉల్లిగడ్డలు. ఆమె నవ్వింది, ఆయన నవ్వలేదు. బస్సెక్కేముందు ఆయన నా నంబరు అడిగి తీసుకున్నాడు.

“కడప నుంచి తిరిగొచ్చినాక ఒక రింగు ఇస్తా మేడమ్. ఎత్తొద్దు. సూదులు గుచ్చినాక మాట్లాడితే దమ్ము వస్తాది నాకు. మీరు తిరిగి ఒక రింగు ఇయ్యండి. చేరినాదని నాకు తెలియల్ల గదా.”

తర్వాతి మీటింగులో నేను చెప్పింది రెండే. కొత్త ముక్క పెట్టినా పాతదాన్ని కొన్నాళ్లు తీయకండి. ముక్క రాలేదన్న కబురు ముక్కను అడగకండి, పిలిచిన షెల్‌నే చెప్పమనండి. పిలిచినవాడికే తెలుస్తుంది ఎవరు పలకలేదో. మా నాయన ఎండలో చేసిన పనే ఇది. మావాళ్లు దానికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టి, స్లైడులు వేసి, చప్పట్లు కొట్టుకున్నారు. దాన్ని పెట్టిన మొదటి బుధవారమే, పొద్దున తెరిచి సాయంత్రం దాకా మూయని కేంద్రాలు బద్వేలు ఒక్కటే కాదని తేలింది. ఆ ఊళ్లన్నిటిలోనూ ఎవరో ఒకరు తప్పు నాదే అనుకుని ఊరుకున్నారు. లీడ్‌కు ఒక మందలింపు దక్కింది. ఆ సాయంత్రం వాడు నాకు ఫోన్ చేసి, మందలింపు సంగతి చెప్పకుండా, “ఆ అన్న ఎలా ఉన్నాడు మేడమ్?” అని అడిగాడు.

అన్న బాగానే ఉన్నాడు. బేస్తవారం సాయంత్రం ఒకటి, ఆదివారం సాయంత్రం ఒకటి, నా ఫోను ఒకసారి మోగి ఆగేది. నేను తిరిగి ఒక రింగు ఇచ్చేదాన్ని. ఎప్పుడో తప్ప మాట్లాడుకున్నది లేదు. కింద షట్టరు పడ్డాక ఆ రింగు కోసం ఎదురుచూసేదాన్ని. పాపం, రోగిష్టి మనిషి, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి కదా అనుకునేదాన్ని. నా పనే అది కదా.

నేను రిటైరైన రోజు వీడ్కోలు కూడా తెర మీదే జరిగింది. చిన్న చిన్న గళ్లలో అందరూ చేతులూపారు. మేడమ్ లేకపోతే ఎలా అన్నారు. ఒక్కొక్క గడీ మాయమైంది. చివర మీటింగు సాఫ్ట్‌వేరు దానంతట అదే ఒక ముక్క చెప్పింది, ఈ సమావేశంలో మీరు ఒక్కరే ఉన్నారు అని. దాన్ని రాసినవాడు ఎవడో కానీ, వాడికి నిజం చెప్పడంలో మొహమాటం లేదు. చాలాసేపు దాన్ని మూయలేదు. మరుసటి పొద్దున కాఫీ పెట్టుకుని కూర్చుంటే చూడ్డానికి ఊళ్లు లేవు. బద్వేలు తెరుచుకుందో లేదో తెలియలేదు.

ఒక బేస్తవారం సాయంత్రం రింగు రాలేదు. బస్సు ఆలస్యమేమో అనుకున్నాను. షట్టరు పడింది. నేనే చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఆమె బుకింగ్ మెనూ నొక్కినట్టు నొక్కుతూనే ఉన్నాను. మరుసటి పొద్దున ఆమె ఫోన్ చేసింది.

“నిన్న ఆసుపత్రిలోనే అక్కా. మంచమెక్కి పండుకున్యాడు, ఇంగా సూది గూడా గుచ్చల్యా. నిద్ర పోయినాడనుకున్యా.”

అదే దారిన బద్వేలు పోయాను. సమాధుల దొడ్డిలో వెనక నిలబడ్డాను. ఎవరమ్మా ఈమె అని ఎవరో అడిగితే, కంపెనీ మేడమ్ అని ఇంకెవరో అన్నారు. ఆమె చుట్టూ అంతా బంధువులే. దగ్గరికి పోయి చేయి పట్టుకున్నాను, చివరి బస్సుకు తిరిగొచ్చేశాను. దారంతా ఒకటే ఆలోచన, ఇంక సాయంత్రాలు నా ఫోను మోగదు.

ఆదివారం వచ్చింది. షట్టరు పడింది. గదిలో లైటు వేయబుద్ధి కాలేదు, అట్లే కూర్చున్నాను. ఫోను ఒకసారి మోగి ఆగింది. ఆయన నంబరే.  ఒక రింగుతో ఆపాలన్న కట్టుబాటు పక్కనపెట్టి, వెంటనే తిరిగి చేసి, ఎత్తేదాకా మోగనిచ్చాను. ఆమె ఎత్తింది.

“ఏమ్మా, చేయి తగిలిందా?”

“లేదక్కా. నేనే ఇచ్చినా.”

“ఏంటికి తల్లీ, ఇంక ఎవరికోసం?”

ఆమె ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. “మీకోసరమే అక్కా. ఆయప్ప మొదట్నుంచీ మీకోసరమే ఇస్తాండె. ఆ మేడమ్ మేడ మీద ఒంటిగ ఉండాది, పడిపోయినా అడిగేవాళ్లు లేరు, మనం రింగు ఇస్తే తిరిగి ఇస్తాది, ఇయ్యని పొద్దు నువ్వు బస్సెక్కి పోయి తలుపు కొట్టు అని చెప్పినాడు. నేను బాగలేని నాడు గూడా నువ్వే ఇయ్యి, మానగాకు అన్యాడు.”

నేను ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నాననుకున్నాను. ఇన్నాళ్లూ సూదులు గుచ్చిన చేత్తో ఆయనే నన్ను కనిపెట్టుకుని ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అటువైపు ఆమె ఫోను పెట్టకుండా నన్ను ఏడవనిచ్చింది.

కాసేపటికి, “ఇంగ పెట్టేయండక్కా” అంది. “పెట్టేసి, తిరిగి రింగు ఇయ్యండి.”

పెట్టేశాను. లేచి లైటు వేసి, ముఖం కడుక్కుని, బద్వేలుకు ఒక రింగు ఇచ్చాను.